కర్చీఫులో ఆరు నట్లు

సీఐ త్రినాథ్ భుజం మీది మూడు నక్షత్రాలు చూసినప్పుడల్లా నాకు కడుపు రగిలిపోతుంది. దాచుకోవడం నాకు చేతకాదు. పదహారేళ్ళ కిందట ఇద్దరం ఒకే రోజున ఎస్సైలుగా చేరాం. మిర్చి కోల్డ్ స్టోరేజీ హత్య కేసులో చిక్కుముడి విప్పింది నేను, పతకం తగిలించుకుంది అతను. ఆ కోపంలోనే ఉద్యోగానికి రాజీనామా పడేసి, గుంటూరులో ‘కోటేశ్వరి ఇన్వెస్టిగేషన్స్’ అని బోర్డు పెట్టుకున్నాను. అతనికి ఇప్పుడు డ్రైవరున్న జీపు ఉంది. నాకు స్కూటీ ఉంది.

మంగళవారం ఉదయం పది ముప్పై అయిదుకి పెదకాకాని దగ్గర ఫిలిప్ బాడీ షెడ్డు ముందు ఆ స్కూటీ ఆపేసరికి, జీపు నాకంటే ముందే లోపలికి వెళ్ళి నిలబడి ఉంది.

గేటు పట్టుకుని మహిమ ఎదురు చూస్తోంది. ఫిలిప్ భార్య. నిన్న సాయంత్రం నా ఆఫీసుకి వచ్చి, కుర్చీలో కూర్చోకుండానే కేసు అప్పగించిన మనిషి.

“మేడమ్, నాలుగింటికల్లా కోర్టులో పెడతారంట. ఇవాళ పెడితే ఇక రిమాండేనంట. ఆయన చీమకి కూడా అపకారం చెయ్యడు మేడమ్.”

“చీమల సంగతి కోర్టు అడగదమ్మా. ఆదివారం ఆ నలభై నిమిషాలు ఎక్కడికెళ్ళాడో చెప్పాడా?”

“నాక్కూడా చెప్పట్లేదు.”

చిక్కంతా అక్కడే ఉంది. చనిపోయినవాడు శ్యామ్ సుందర్. ఆటోనగర్‌లో ముప్పై ఏళ్ళుగా లారీలకీ బస్సులకీ బాడీలు కట్టిన పేరున్న మేస్త్రీ. ఫిలిప్‌కి పని నేర్పినవాడు. ఫిలిప్ ఏడాది కిందట విడిపోయి సొంత షెడ్డు పెట్టుకుంటే మాట్లాడటం మానేసినవాడు. నిన్న ఉదయం ఎనిమిది పదికి, ఫిలిప్ షెడ్డులో ఉన్న కొత్త కారవాన్ వెనక గదిలో, రెండు వందల ఇరవై కిలోల మోటారు సైకిలు కింద శవమై దొరికాడు. హ్యాండిల్ బారు గొంతు మీద పడింది. ఆదివారం పదకొండుకీ పన్నెండుకీ మధ్య పోయాడన్నాడు డాక్టరు.

ఆ వేళప్పుడు షెడ్డులో ఎవరూ ఉండరు, గేటుకి తాళం కూడా వెయ్యరు. ఓనరుతో సహా అందరూ చర్చిలో ఉంటారు. అందులోనూ అది నెలలో మొదటి ఆదివారం, ప్రభువు బల్ల, అంటే రొట్టె, ద్రాక్షరసం తీసుకునే రోజు. జ్వరమొచ్చినా మానరు. అలాంటి రోజున ఫిలిప్ పదకొండూ అయిదుకి ఆరాధన మధ్యలో లేచి బయటికి వెళ్ళాడు. పన్నెండుకి పావు తక్కువకి తిరిగొచ్చి అదే బెంచీ మీద కూర్చున్నాడు. చూసినవాళ్ళు ఎనభై మంది.

షెడ్డులోకి అడుగు పెట్టానో లేదో త్రినాథ్ నవ్వాడు.

“రా కోటేశ్వరీ, రా. చూసి పోదామని వచ్చావా, నేర్చుకుని పోదామని వచ్చావా?”

“నీ దగ్గర నేర్చుకోవడానికి ఏముంది, ఫోటోలకి నిలబడటం తప్ప?”

పక్కనున్న కానిస్టేబులు మొహం తిప్పుకున్నాడు. త్రినాథ్ నవ్వు కొంచెం తగ్గింది.

“చూడు, కేసు అయిపోయింది. శిష్యుడు ఎదిగాడని గురువుకి మంట. గురువు కస్టమర్లకి చెడ్డగా చెబుతున్నాడని శిష్యుడికి మంట. మాట్లాడుకుందాం రమ్మని పిలిచాడు, బైకు అతని మీదికి తోశాడు. ఇప్పుడు ఎలా తోశాడో చూపించమని తీసుకొచ్చాను, వాడేమో నోరు విప్పట్లేదు.”

షెడ్డు మూలన సంకెళ్ళతో ఫిలిప్ నిలబడి ఉన్నాడు. ముప్పై అయిదేళ్ళుంటాయి. సన్నటి మనిషి, మోచేతుల దాకా వెల్డింగు మచ్చలు. భార్య వైపు చూడటం లేదు. అది నేను గుర్తు పెట్టుకున్నాను.

“ఒక్క అరగంట ఇవ్వు త్రినాథ్. సీను చూస్తాను, అతనితో మాట్లాడతాను.”

“ఎందుకివ్వాలి?”

“ఏమీ దొరకదని నీకంత నమ్మకముంటే ఇవ్వడానికి భయమెందుకు?”

అతనికి ఆ మాట ఎక్కడ గుచ్చుకోవాలో అక్కడే గుచ్చుకుంది. గడియారం చూసుకున్నాడు. “పదకొండూ ఇరవై దాకా. నేను పక్కనే ఉంటాను.”

కారవాన్ ముప్పై అడుగుల బస్సంత ఉంది. ముందు డ్రైవరు, తర్వాత వంటగట్టు, స్నానాల గది, మంచాలు. చివర ఎనిమిదడుగుల గది. వాళ్ళు దాన్ని గ్యారేజీ అంటారు. వెనక గోడ మొత్తం కిందికి వాలితే అదే ర్యాంపు అవుతుంది, బైకులు దాని మీదుగా లోపలికి ఎక్కుతాయి. రెండు బైకులు పక్కపక్కన, గోడకి సైకిళ్ళు, పైన అరలో టెంటు, గాలి పడవ. రాజ్యం గారని మిర్చి కోల్డ్ స్టోరేజీ ఓనరు ఒకేలాంటివి రెండు చేయించింది, ఒకటి తనకి, ఒకటి తమ్ముడికి. యాభై ఎనిమిదేళ్ళ వయసులో బైకు నడుపుతుందావిడ. ఆవిడ బండి ఆదివారం మధ్యాహ్నమే వాకిట్లోంచి వెళ్ళిపోయింది. ఇది తమ్ముడిది. శనివారం అతని బైకులు ఎక్కించి కట్టి చూశారు, అలాగే వదిలేశారు.

“నాకు ఏమీ తెలియదనుకుని చెప్పు,” అన్నాను మహిమతో.

ఆమె గొంతు మొదట వణికింది. తర్వాత పని గురించి చెబుతుంటే వణుకు పోయింది.

“ఈ బైకులు వెనక చక్రాలకి ఇంకా వెనకాల పడతాయి మేడమ్. నాలుగు వందల నలభై కిలోలు తోకలో పెడితే బండి ముందు తేలిపోయి స్టీరింగు మాట వినదు. అందుకని నీళ్ళ ట్యాంకు, బ్యాటరీలు డ్రైవరు సీటు వెనక్కి తెచ్చాం. ఈ అడ్డుగోడకి అవతల పిల్లల మంచం. పెట్రోలు వాసన అటు పోకుండా తలుపు చుట్టూ రబ్బరు వేశాం.”

“మరి గాలి కన్నాలు నేల దగ్గరున్నాయేంటి?”

“పెట్రోలు ఆవిరి కిందికే దిగుతుంది మేడమ్. మిర్చి గోడౌన్ల అలవాటు కొద్దీ అందరూ పైన పెట్టమన్నారు. శ్యామ్ అన్న అయితే, ఎలకలకి తలుపులు పెట్టారని నలుగురిలో నవ్వాడు.”

కాగితం చూడకుండా కొలతలన్నీ నోటితో చెబుతోంది. చెవి వెనక పెన్సిలు ఉంది. దాన్ని కూడా గుర్తు పెట్టుకున్నాను.

జారకుండా గళ్ళు తేలిన చెకర్ ప్లేటు నేల మీద ఒక్కో బైకుకి నాలుగు ఇనుప రింగులు. ఒక్కో రింగు ఒక పలక మీద, ఒక్కో పలకకి రెండు బోల్టులు. బోల్టు పైనుంచి దిగుతుంది, నట్టు బండి కింద, షెడ్డు నేలలో తవ్విన గుంటలోంచి బిగుస్తుంది. రింగు నుంచి హ్యాండిలుకి పట్టీ వేసి, ముందు చక్రం స్ప్రింగు ఫోర్కు సగం అణిగేదాకా లాగి బిగిస్తారు.

“అంటే స్ప్రింగుని నొక్కిపెట్టి కట్టేసినట్టు.”

“అవును మేడమ్. ఒక పక్క పట్టు పోతే రెండో పక్క పట్టీ బైకుని గుంజి పడేస్తుంది.”

ఎడమ బైకుని పోలీసులు లేపి నిలబెట్టారు గానీ మిగతాదంతా పడినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది. గోడ వైపు పట్టీ చివర రింగు వేలాడుతోంది, పలకతో సహా, రెండు బోల్టులతో సహా. నేను వంగి చూశాను. బోల్టుల మర ఎక్కడా చెదరలేదు, కొత్తదానిలా మెరుస్తోంది.

“త్రినాథ్, ఇటు రా. దీన్ని చూశావా?”

“చూశాను. నాసిరకం పని, ఊడొచ్చింది.”

“ఊడొస్తే మర చిరిగిపోవాలి. ఇది చిరగలేదు. ఎవరో కింద గుంటలోకి దిగి, పానాతో రెండు నట్లూ విప్పారు.”

“ఎవరో ఏంటి, వాడే. ముందే విప్పి పెట్టుకుని పిలిచాడు.”

“బైకు మీద పడెయ్యాలంటే పట్టీ బిగించే ఈ రాచెట్ పిడి ఎత్తితే చాలు, అర సెకను పని. ఇంతా కట్టినవాడికి ఆ సంగతి తెలియదా? పానా పట్టుకుని గుంటలోకి దిగుతాడా?”

“తెలివైనవాడు అలాగే చేస్తాడు.”

“శ్యామ్ సుందర్ చొక్కా ఏ రంగు?”

“తెలుపు. చర్చి బట్టలు.”

“వీపు మీద?”

త్రినాథ్ చేతిలో కాగితాలు తిరగేశాడు. నేనే చెప్పాను. నిన్న రాత్రి మార్చురీ ఫోటోలు చూశాను. రెండు భుజాల వెనకా నల్లటి గ్రీజు మరకలు, సరిగ్గా బండి కింద దూరినవాడికి అంటేచోట. మోకాళ్ళ మీద చుక్క కూడా లేదు.

“లాక్కొచ్చి ఉంటాడు,” అన్నాడు త్రినాథ్. గొంతులో మొదటి ధీమా లేదు. నాకెంత సంతోషంగా ఉందో చెబితే పాపం.

అప్పుడే బుల్లయ్య వచ్చాడు, నిన్న శవాన్ని మొదట చూసిన ముసలి వెల్డరు. ఇరవై ఏళ్ళు శ్యామ్ సుందర్ దగ్గర పనిచేసి, ఫిలిప్ వెంట వచ్చేసినవాడు. కళ్ళు వాచిపోయి ఉన్నాయి.

“బుల్లయ్యా, ఆదివారం శ్యామ్ సుందర్ చర్చికి వచ్చాడా?”

“వచ్చాడమ్మా. బల్ల ముందర లేచి వెళ్ళిపోయాడు. పదిన్నర అయ్యుంటది. ఏడాది బట్టీ అంతే.”

“ఏడాది బట్టీ బల్ల తీసుకోవట్లేదా? సంఘ పెద్దే కదా?”

“పెద్దే. మనసులో ఎవరి మీదన్నా కోపం ఉంటే ఆ బల్ల ముట్టుకోకూడదమ్మా. ముట్టుకోలేదంటే ఉన్నట్టేగా. అందరికీ తెలుసు ఎవరి మీదో.” ముసలాయన మూలనున్న ఫిలిప్ వైపు చూసి తల దించుకున్నాడు. “దొంగ మనిషి కాదమ్మా ఆయన. కుళ్ళు పుట్టింది. మా షెడ్డు ముందు పోతూ ఆగి ఈ బండి చూసేవాడు. అన్నం తినేవాడు కాదని వాళ్ళ ఇంట్లో చెప్పుకునేవాళ్ళు.”

నాకు బాగా అర్థమైంది. పతకం ఫోటో పేపర్లో వచ్చిన రోజు నేనూ అన్నం తినలేదు.

త్రినాథ్ చేతిలోంచి పంచనామా కాగితాలు తీసుకుని శవం జేబుల్లో దొరికిన వస్తువుల జాబితా చదివాను. సెల్‌ఫోను. కళ్ళజోడు. పానా ఒకటి. ఇంచి టేపు ఒకటి. చర్చి కానుక కవరు, వెనక పెన్సిలుతో ఏవో అంకెలు. గళ్ళ కర్చీఫు, అందులో నట్లు.

“ఈ అంకెలేంటి?”

“ఏవో లెక్కలు. ఫోటో ఉంది, చూసుకో.” ఫోను నా ముందు పెట్టాడు.

7½. 34. 22. ⅝.

మహిమ నా భుజం మీదుగా తొంగి చూసి, “మా కొలతలు మేడమ్,” అంది. నేను టేపు అడిగాను. బైకుకీ గోడకీ మధ్య ఎడం ఏడున్నర అంగుళాలు. ముందు చక్రం ఇరికే గాడి నుంచి అడ్డుగోడ దాకా ముప్పై నాలుగు. రింగుకీ రింగుకీ ఇరవై రెండు. బోల్టు మందం అయిదు బై ఎనిమిది.

“కాపీ కొడుతున్నాడు,” అన్నాను. “చర్చిలో కానుక వెయ్యకుండా, ఆ కవరు మీదే మీ కొలతలు రాసుకున్నాడు. పలక కింద ఏముందో తెలియక, గుంటలోకి దిగి రెండు నట్లు విప్పాడు. ఫోర్కు బిగువుకి బోల్టులు కన్నాల్లో ఇరుక్కుని, నట్లు లేకపోయినా పలక అక్కడే నిలబడింది. పైకొచ్చాడు. గోడ పక్కన ఏడున్నర అంగుళాల్లో మనిషి పట్టడు. అందుకని రెండు బైకుల మధ్య పడుకుని, ఎడమ బైకు కిందినుంచి చెయ్యి చాపి పలకని పెకలించాడు. అంతే. లారీల్లో తాడు ఊడితే సరుకు కదలదు, బరువుకి కూర్చుంటుంది. ముప్పై ఏళ్ళ లారీ అలవాటు అది. దీంట్లో స్ప్రింగు ఉందని చెయ్యి మరిచిపోయింది.”

బుల్లయ్య కండువాతో మొహం కప్పుకున్నాడు.

“కథ బాగుంది,” అన్నాడు త్రినాథ్. “మరి నీ ఫిలిప్ ఆ టైములో ఎక్కడ చచ్చాడు? నలభై నిమిషాలు! అది తేలకుండా నేను వదలను. పబ్లిక్ ప్రాసిక్యూటరు నన్ను నమిలేస్తాడు.”

అన్యాయంగా అనలేదు. నేను ఫిలిప్ దగ్గరికి వెళ్ళాను.

“ఎక్కడికెళ్ళావు?”

“బయటికి మేడమ్.”

“బయటంటే ఏ ఊరు?”

అతను మహిమ వైపు వీపు తిప్పాడు.

“నిన్ను కాపాడమని నీ భార్య నా దగ్గరికొచ్చింది. నువ్వు ఆమె మొహం చూడట్లేదు. ఆడమనిషి సంగతా?”

“ఛ! కాదు మేడమ్!” మొదటిసారి గొంతు పెద్దదయింది. తర్వాత మళ్ళీ చిన్నదయింది. “శ్యామ్ అన్న ఇంటికెళ్ళాను. సహోదరుడితో సమాధానపడి బల్ల దగ్గరికి రండి అన్నాడు పాస్టరు గారు. అన్న అప్పటికే లేచి వెళ్ళిపోయాడు. ఆయన కోపం నా మీదైతే నేనెట్టా తీసుకుంటాను? బండి వేసుకుని గుంటూరు పోయాను. ఇల్లు తాళం. తిరిగొచ్చేశాను.”

“ఇంతేనా? ఇది పోలీసులకి చెబితే ఏం పోయేది?”

“ఏం మాట్లాడటానికి పోయావని అడుగుతారు కదా.”

“నేనూ అడుగుతున్నాను.”

సంకెళ్ళ వైపు చూసుకుంటూ చెప్పాడు. “ఆ డిజైన్ నాది కాదని చెప్పడానికి. గీసింది మొత్తం మహిమ. నేను కొట్టాను, వెల్డింగు పెట్టాను, అంతే. రాజ్యం గారు నా వీపు తట్టింది. ఒంగోలు నుంచి కూడా వచ్చి నన్నే మెచ్చుకున్నారు. నేను నోరు మూసుకున్నాను. ఇంట్లో ఈవిడ గీస్తుంటే నిద్ర నటించేవాణ్ణి మేడమ్. నాకెందుకు రాలేదు అది, ఈవిడకే ఎందుకొచ్చింది అని. శ్యామ్ అన్నకి నా మీద ఎంత కుళ్ళుందో నాకు ఈవిడ మీద అంత ఉంది. ఆ సంగతి ఈవిడ ముందు ఎట్టా చెప్పను?”

మహిమ చెవి వెనక పెన్సిలు తీసి చేతిలో పట్టుకుంది.

“నిద్ర నటించేవాడివని నాకు తెలుసు,” అంది. “గురక పెట్టని రోజు నువ్వు మెలకువగా ఉన్నట్టే.”

ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. వెళ్ళి అతని చొక్కా కాలరు సర్దింది. నేను చూపు తిప్పుకున్నాను. అదిగో, ఆ తిప్పుకోవడంలోనే నా కన్ను మళ్ళీ ఆ కాగితం మీద పడింది.

గళ్ళ కర్చీఫు, అందులో నట్లు.

“బుల్లయ్యా, నట్లు కర్చీఫులో కట్టుకునే అలవాటు ఎవరిది?”

“శ్యామ్ సుందర్ గారిదేనమ్మా. విప్పిన నట్టు నేల మీద పెట్టనిచ్చేవాడు కాదు. బండి ఎంతో నట్టూ అంతే, జేబులో కట్టుకో అని తిట్టేవాడు. మాకందరికీ ఆయన నేర్పిందే.”

“త్రినాథ్, ఎన్ని నట్లు?”

“ఏమో. లెక్క రాయలేదు. మెకానిక్ జేబులో నట్లు కాక పూలుంటాయా?”

“చూపించు.”

“సీలు వేశాను. కోర్టులోనే తెరుస్తారు.”

“తెరవొద్దు. ప్లాస్టిక్ కవరే కదా. బయటినుంచి చూస్తాను.”

పదకొండూ ఇరవై దాటిపోయింది. నా గడువు అయిపోయింది. అతను కాదనొచ్చు. నా మొహంలో ఏం కనిపించిందో మరి, కానిస్టేబులుకి సైగ చేశాడు. సీలు వేసిన పెట్టె పోలీసు స్టేషన్లో ఉంది. మనిషి వెళ్ళి తెచ్చేసరికి పదకొండూ యాభై అయిదు.

కవరుని ఎండలోకి పట్టుకుని లోపల కర్చీఫు ముడి సడలేదాకా కుదిపాను. ఒకటి, రెండు, మూడు. మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టాను.

ఆరు.

“ఈ బండిలో ఊడినవి రెండే. మిగతా అన్నీ ఉన్నాయా?”

బుల్లయ్య అప్పటికే గుంటలోకి దిగాడు. కిందనుంచి అరిచాడు. “అన్నీ ఉన్నాయమ్మా, పద్నాలుగు. ఆ రెండే లేవు.”

“మిగతా నాలుగు ఆయన షెడ్డువేమో,” అన్నాడు త్రినాథ్.

“కాదు సార్,” అంది మహిమ. కవరుకి మొహం ఆనించి చూస్తోంది. “లోపల నైలాన్ ఉండే ఇలాంటి నట్లు ఆయన వాడడు, మేమే వాడతాం. బిగించాక నట్టు మీద నేను పెయింటుతో గీత పెడతాను, కదిలిందో లేదో తెలియడానికి. ఈ బండికి పసుపు గీత.”

పసుపు గీతలున్న నట్లు రెండే ఉన్నాయి. మిగతా నాలుగింటి మీదా గీతలు తెల్లగా ఉన్నాయి.

“తెలుపు ఏ బండికి?” అని అడిగాను. నాకు తెలుసు, అయినా అడిగాను.

“రాజ్యం గారి బండికి.”

ఆ బండి ఆదివారం పొద్దున బయట వాకిట్లో ఉంది. పదిన్నరకి చర్చి నుంచి లేచి వచ్చినవాడు ముందు దాని కింద దూరాడు. లోపల ఇంకా బైకులు లేవు, ఏమీ పడలేదు, ఏమీ చప్పుడు కాలేదు. నాలుగు నట్లు విప్పి జేబులో కట్టుకున్నాడు. తర్వాతే కొలతలు రాసుకోవడానికి రెండో బండి ఎక్కాడు. ఒకటి చెడగొట్టాలి, ఇంకోదాన్ని చూసి తాను కట్టాలి. ఫిలిప్ కట్టింది నడిరోడ్డు మీద ఊడిపోతే, నలుగురూ మళ్ళీ తన షెడ్డుకే వస్తారు.

మహిమ గీసిన కాగితం కాపీ గోడ మీదుంది. దాని ముందుకి పరిగెత్తింది. “నాలుగు నట్లు, ఒక బైకుకి నాలుగు పలకలు. ఒక్కోదానికి ఒకటి తీసుంటాడు మేడమ్. రెండూ తీస్తే కట్టేటప్పుడే తెలిసిపోతుంది కదా. ఒక్క బోల్టు మీద పలక నిలబడుతుంది, కానీ లాగుడు మారితే తిరుగుతుంది. తిరిగితే పట్టీ వదులవుతుంది. బైకు మొత్తం ఊగుతుంది. మలుపుల్లో…”

“ఆవిడ ఇప్పుడు ఎక్కడుంది?”

ఆమె ఫోను తీసింది. “ఈ పొద్దున ఆరున్నరకి బయల్దేరారు. కోడలు, ఇద్దరు మనవళ్ళు. దోర్నాల మీదుగా శ్రీశైలం. ఘాట్ రోడ్డు.”

అడ్డుగోడకి అవతల పిల్లల మంచం.

మహిమ ఫోను చేసింది. అందుబాటులో లేరు. కోడలి నంబరు, అందుబాటులో లేరు. అడవిలో సిగ్నలు ఉండదు. నా దగ్గర ఫోను ఉంది, స్కూటీ ఉంది, బోర్డు ఉంది. త్రినాథ్ దగ్గర వైర్‌లెస్ సెట్ ఉంది.

అతను నట్ల కవరు వైపు చూస్తున్నాడు. ఆలోచన నాకు తెలుసు. ఇప్పుడు సెట్ తీస్తే తన కేసు తప్పని జిల్లా మొత్తం వినేలా ఒప్పుకున్నట్టు. నిన్ననే విలేఖరుల్ని పిలిచి హంతకుణ్ణి చూపించాడు.

“ముందు ఇది నిజమో కాదో…” అన్నాడు.

“త్రినాథ్.” నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. “నువ్వే కనిపెట్టావని రాసుకో. సీలు నువ్వే చూశావు, నట్లు నువ్వే లెక్కపెట్టావు, ఫిలిప్‌ని నువ్వే వదిలావు. కోటేశ్వరి అనే మనిషి ఇక్కడికి రాలేదు. ఇంకో పతకం పెట్టుకో, నేను చప్పట్లు కొడతాను. ఆ సెట్ తియ్యి.”

పదహారేళ్ళలో అతను నన్ను మొదటిసారి సరిగ్గా చూశాడు. సిగ్గుపడ్డాడనుకుంటాను. సెట్ తీశాడు.

గరగరల మధ్య దోర్నాల చెక్‌పోస్టు పలికేదాకా నాలుగు నిమిషాలు. పెద్ద తెల్ల కారవాన్, వెనక బైకుల గది, ఆపండి. అవతలి గొంతు రిజిస్టరు తిప్పింది.

“పదకొండూ నలభైకే దాటింది సార్. ఇప్పుడు పన్నెండూ అయిదు. వెనకాల బైకు మీద మనిషిని పంపుతాను. అందుకుంటాడో లేదో చెప్పలేను.”

త్రినాథ్ ఫిలిప్ దగ్గరికి వెళ్ళి సంకెళ్ళు విప్పాడు. “జీపెక్కు. బండి నీకే తెలుసు కాబట్టి.” ఒక క్షణం ఆగి మహిమని చూశాడు. “నువ్వూ ఎక్కమ్మా. గీసింది నువ్వేగా.” నన్ను పిలవలేదు, కానీ వెనక తలుపు తెరిచే ఉంచాడు.

అప్పుడు మహిమ ఫోను మోగింది. కాల్ కాదు. దోర్నాల దాటుతూ రాజ్యం గారు పంపిన ఫోటో. వాళ్ళు చెక్‌పోస్టు దగ్గర ఉండగా పదకొండూ ముప్పై ఎనిమిదికి బయల్దేరి, నెట్‌వర్కులో ఎక్కడో ఇరుక్కుని ఇప్పుడు చేరింది. కింద రాసింది, ‘ఘాట్ మొదలవుతోంది. మా రౌతులు దిగమంటే దిగట్లేదు.’

ఫోటోలో గ్యారేజీ. వెనక ర్యాంపు మూసి ఉంది, పైన చిన్న దీపం వెలుగుతోంది. రెండు బైకులు, వాటి మీద ఇద్దరు పిల్లలు, తలలకి సరిపోని హెల్మెట్లు పెట్టుకుని హ్యాండిళ్ళు పట్టుకుని నవ్వుతున్నారు.

“బండి కదిలేటప్పుడు ఎవరూ గ్యారేజీలోకి రావొద్దని తలుపు మీద రాశాను,” అంది మహిమ. “ఎర్ర పెయింటుతో రాశాను మేడమ్.”

నేను ఫోటోని వేళ్ళతో పెద్దది చేశాను. ఎడమ బైకు మీద చిన్నవాడు, చెప్పులు లేని కాలు కిందికి వేలాడేసి కూర్చున్నాడు. ఆ కాలి కింద రింగు పలక కనిపిస్తోంది. మహిమ గీసిన కాగితంలో అది గోడకి సమాంతరంగా ఉంటుంది.

ఫోటోలో అప్పటికే అడ్డం తిరిగి ఉంది.